పేరు రాయని మనవి

రెండువేల పన్నెండులో ఒక ఆదివారం పొద్దున పదకొండున్నరకు మా ఆయన ప్రేమదాసును గగన్‌పహాడ్‌లో మా చర్చి గేటు ముందే పోలీసులు జీపెక్కించారు. విమానాశ్రయానికి బాంబు బెదిరింపు ఫోను వచ్చిందట, ఆ సిమ్ము ఆయన పేరు మీద ఉందట. ఆయన అక్కడే ట్రాలీలు తోస్తాడు. సిమ్ము కొనుక్కుంటామని అడిగినవాడికల్లా తన ఓటరు కార్డు జిరాక్సు ఇచ్చే మంచితనం ఆయనది. ఆ మంచితనాన్ని తగలెయ్య!

నేను పరుగెత్తుకొచ్చేసరికి జీపు మలుపు తిరిగింది. చర్చి లోపల ఇంకా పాట సాగుతోంది. ఆరాధన చివర ప్రార్థన మనవులు చీటీల మీద రాసిచ్చే అలవాటు మా సంఘంలో ఉంది. పాస్టరుగారు వాటిని చదివి, తేదీ, సమయం వేసి పుస్తకంలో ఎక్కిస్తారు. నేనూ ఒకటి రాశాను: "ఇప్పుడే గేటు దగ్గర పోలీసులు తీసుకుపోయిన ఒక సహోదరుని కొరకు." పేరు రాయలేదు. నలుగురిలో పరువు పోతుందని భయం.

మూడు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగాను. "ఇక్కడ లేడు, పో" అన్నారు. బుధవారం సాయంత్రం స్టేషన్ నుంచే కబురొచ్చింది. ఈరోజే పట్టుకున్నారట, రేపు కోర్టుకు తెస్తారట.

మా మరిది ఎజ్రా లా చదువుతున్నాడు. దేశదేశాల ఉగ్రవాద చట్టాలను పోలుస్తూ కాలేజీకి వ్యాసం రాస్తున్నాడు. ఆ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు.

"ఇంగ్లండుల స్టేషన్‌కు తెచ్చిన నిమిషమే పుస్తకంల రాస్తరు వదినా. గసొంటి కేసుల పద్నాలుగు దినాలల్ల నేరం మోపాలె, లేకుంటే ఇడిసిపెట్టాలె. మనకాడ నూట ఎనభై దినాల దాంక పెట్టుకోవచ్చు."

"మరి మనకాడ కోర్టుకు ఎప్పుడు తేవాలె?"

"ఇరవై నాలుగ్గంటలల్ల. కానీ పట్టుకున్న టైము రాసేది వాళ్లే కద! ఈ మూడు దినాలు కాయితంల లేవు. ఏమేం సంతకాలు పెట్టించుకున్నరో ఏందో. ఆదివారమే తీస్కపోయిండ్రని చూపెట్టకుంటే అన్న ఇగ నెలలకొద్దీ లోపల్నే."

పాస్టరుగారి పుస్తకం గుర్తొచ్చి పరుగున తెచ్చాను. తేదీ ఉంది, సమయం ఉంది. ఎజ్రా ముఖం మాడిపోయింది.

"అన్న పేరేది వదినా?"

నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

మర్నాడు కోర్టులో మేజిస్ట్రేటుగారు మా ఆయన్ను అడిగారు. "నిన్ను ఎప్పుడు పట్టుకున్నారు?"

ఆయన పక్కనున్న పోలీసు వైపు చూశాడు. "నిన్న, సార్."

ఎజ్రా నా కొంగు పట్టి లాగుతున్నా ఆగకుండా లేచి, పుస్తకం చూపించాను. మేజిస్ట్రేటుగారు ఆ వరుస రెండుసార్లు చదివారు.

"ఇందులో పేరు లేదేమమ్మా?"

"సిగ్గుపడి రాయలే సార్. మా సంఘపోళ్లకు తెలుస్తదని భయపడ్డ. గా సహోదరుడు నా పెనిమిటే. ప్రేమదాసు. ఆదివారం పదకొండున్నర." నా గొంతు కోర్టంతా వినిపించింది. వినిపించనీ అనుకున్నాను.

మేజిస్ట్రేటుగారు పోలీసులను తలుపు బయట నిలబడమన్నారు. మళ్లీ అదే ప్రశ్న వేశారు.

మా ఆయన నా వైపు చూశాడు. కింది పెదవి వాచి ఉంది.

"ఆదివారం, సార్. లోపల పాట ఇంక అయిపోలే."

మేజిస్ట్రేటుగారు ఆ మాట పేరుతో సహా రాసుకున్నారు. తర్వాత గోడ గడియారం వైపు చూసి, సమయం కూడా వేశారు.