తిరిగి ఇవ్వని కొలత

వీధిలో ఆమెను టేపక్క అంటారు. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. మేడమెట్ల కింద గది ఆమె కొట్టు. రెండు కుట్టుమిషన్లు, కత్తిరింపుల బల్ల, నిలువుటద్దం, మూలన ఒక తెర. ఆ తెర వెనక ఆడవాళ్ళ కొలతలు తీస్తుంది. తీసేటప్పుడు అంకె పైకి అనదు. పెదవులైనా కదపదు.

ఆ పద్ధతి మేనత్త నేర్పింది. "కొలత టేపు చూడాలి, నువ్వు చూడాలి, పుస్తకం చూడాలి. నాలుగోవాళ్ళకి తెలిసిందంటే నీ చేతులు విరగ్గొడతా" అనేది. అత్త పోయి పదేళ్ళైనా ఆ బెదిరింపు ఇంకా పనిచేస్తూనే ఉంది. కొలతల పుస్తకంలో పేర్లుండవు. గొడుగు బొమ్మ ఒకావిడ, దువ్వెన బొమ్మ ఇంకొకావిడ. ఎవరైనా ఊరు వదిలిపోతే, మనిషే పోతే, ఆ కాగితం చింపి వాళ్ళకో వాళ్ళ వాళ్ళకో ఇచ్చేస్తుంది. ఒంటి లెక్క ఒంటిది. కొట్టులో ఉంచుకోవడానికి మనమెవరం అనేది అత్త.

నిరుడు కొట్టు లైసెన్సు తిరగరాయించుకోవడానికి వెళితే, ఆఫీసువాళ్ళు చేతిలో ఒక పలక పెట్టారు. అద్దం పలక, ఫోనులాంటిదే గానీ పెద్దది. ఇకమీదట వచ్చిపోయేవాళ్ళ వివరాలన్నీ అందులో ఎక్కించాలట. పేరు, ఫోను, ఇల్లు, పనిచేసే చోటు, కొలతలు. చివర్న 'ప్రత్యేక వివరం' అని ఒక గడి. ఎక్కించకపోతే రసీదు రాదు, రసీదు లేకపోతే లైసెన్సు లేదు. టేపక్క ఆ చివరి గడిలో ఒక చుక్క పెట్టి చూసింది. ఒప్పుకోలేదు. ఇరవై అక్షరాలకు తగ్గితే గడి ఎర్రగా మండేది.

ఎప్పుడూ తన దగ్గరే కుట్టించుకునే పంతులమ్మ జాకెట్టు కుట్టినరోజు కూడా అలాగే మండింది. పక్కకొట్టు చెప్పులాయన ఆ గడిలో 'పాదాలు రెండు ఉన్నవి, మనిషి మంచిది' అని రోజూ అదే రాసి పారేసేవాడు. టేపక్కకు అది చేతకాలేదు. కత్తెర పట్టిన చెయ్యి కత్తిరింపు గురించి అబద్ధం రాయలేకపోయింది. ఉన్నదున్నట్టు ఎక్కించింది: 'ఎడమ పక్క లేదు. దూది మూడు పొరలు. కుట్టు పైకి కనపడరాదు.'

మూడు నెలలకు పంతులమ్మ ఒక అట్టపెట్టె తెచ్చి బల్లమీద పెట్టింది. కూర్చోలేదు.

"అక్కా, ఈ మాట డాక్టరుకీ నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?"

పెట్టె మూతమీద పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఒక ఆడమనిషి బొమ్మ. పక్కన ఇంతలేసి అక్షరాలు. 'ఒక పక్క కోల్పోయిన మీకోసం! మొదటి నమూనా ఉచితం.'

"బడికొచ్చింది. తెచ్చినవాడు టీచర్ల గదిలో బల్లమీద పెట్టి పోయాడు. డ్రాయింగు మాస్టారు తిప్పి తిప్పి చదివాడు. పైకే చదివాడు."

టేపక్క ఆ మూతని బొమ్మ కనపడకుండా బోర్లా తిప్పింది.

"పొద్దుట్నుంచి ఎవరూ నా ముఖం చూసి మాట్లాడట్లేదక్కా. చూపు గడ్డందాకా వస్తుంది, ఒక్కసారి కిందికి జారుతుంది, మళ్ళీ గబుక్కున పైకెక్కుతుంది. దానికి నేను ఓర్చుకుంటా. ఇది చూడు."

పెట్టెలో ఒక చీటీ ఉంది. రెండో నమూనా వచ్చేనెల మొదటి వారంలో ఇంటి చిరునామాకు పంపుతారట.

ఇంట్లో పంతులమ్మ తల్లి ఉంది. గుమ్మానికి ఏమొచ్చినా విప్పేది ఆవిడే. పెద్దకూతురు ఇదే రొమ్ము జబ్బుతో పోతే ఏడాదిపాటు అన్నం సరిగా ముట్టలేదు. అందుకే రెండేళ్ళ కిందట ఆపరేషనుకి వెళ్ళేటప్పుడు, నెలరోజులు శిక్షణ తరగతులున్నాయని చెప్పి వెళ్ళింది పంతులమ్మ. ఇప్పటికీ అమ్మ ముందు బట్టలు మార్చుకోదు.

"నేనే రాశాను," అంది టేపక్క. "నా చేత్తోనే రాశాను. నేనే చెరిపిస్తాను. పెట్టె ఇంటికి రాదు."

మర్నాడు పలక పట్టుకుని ఫిర్యాదుల కేంద్రానికి పోయింది. అక్కడి గుమాస్తా పెన్ను మూత చెవిలో తిప్పుకుంటూ, అదే చేత్తో టైపు కొడుతున్నాడు. వెనక పదిమంది వరస.

"ఏం చెరపాలో పూర్తిగా చెప్పమ్మా. ఎక్కించాలి."

టేపక్క పలక అతని వైపు తిప్పింది.

"ఎడమ... పక్క... లేదు," అని గుమాస్తా గొంతెత్తి చదివాడు. "ఏం లేదమ్మా? గోడా?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"బాబూ, మెల్లగా."

"మెల్లగా అంటే ఎట్లాగమ్మా, స్పెల్లింగు తప్పు పోదూ? సరే, ఇది ఎవరిది? ఆవిడ్ని రమ్మను. పక్కనుంచి ఫొటో దిగాలి. లేనిది నిజంగా లేదని రుజువుండాలి కదా."

"లేదని రుజువు దేనికి? రాసింది తీసెయ్యమంటున్నా."

"ఎవరిది పడితే వాళ్ళది తీసేస్తామా? గోప్యత అనేది ఒకటుంటుందమ్మా," అన్నాడు గుమాస్తా చాలా గంభీరంగా, చెవిలోంచి తీసిన మూత ఎగాదిగా చూసుకుంటూ.

చివరికి ఒక నంబరిచ్చాడు. ఏడోరోజు ఫోనుకి సందేశం వచ్చింది: 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది.' టేపక్క పలక తెరిచి చూసింది. ఆ మూడు ముక్కలు అక్కడే ఉన్నాయి, కడిగిన పళ్ళెంలా మెరుస్తూ. ఫోను చేస్తే పావుగంట పాట వినిపించి, తర్వాత ఒక పిల్ల చెప్పింది. పరిష్కారం అంటే ఫిర్యాదు సంబంధిత విభాగానికి చేరిందని అర్థమట. విభాగంవాళ్ళు ఆ పలక నడిపే కంపెనీని అడగమన్నారు. కంపెనీవాళ్ళు, మేం ఎవరికీ అమ్మలేదు, భాగస్వాములతో పంచుకున్నాం, విభాగాన్ని అడగండి అన్నారు. వారం రోజులు ఇటూ అటూ కాళ్ళరిగేలా తిరిగింది. కుట్టాల్సిన బట్టలు బల్లమీద కుప్ప పడ్డాయి.

అప్పుడొచ్చింది ఆహ్వానం. డిజిటల్ పాలన, గోప్యత, వినియోగదారుల ఫిర్యాదుల మీద ప్రజాభిప్రాయ సభ. 'పరిష్కారం పొందిన వినియోగదారు' హోదాలో ఆమె మూడు నిమిషాలు మాట్లాడాలి. పెద్దాఫీసరు వస్తున్నాడు. పెట్టె రావడానికి ఇంకా నాలుగు రోజులుంది. పెద్దాయన ఒక్క మాటంటే చెరిగిపోతుందని చెప్పులాయన అన్నాడు. సరే, అదీ చూద్దామనుకుంది.

సభామందిరం గుమ్మం దగ్గరే ఫొటో తీశారు, ఫోను నంబరు రాయించుకున్నారు. లోపల చలి. ఖరీదైన కుర్చీలు. ప్రతి కుర్చీలో ఒక నీళ్ళ సీసా. వేదికమీద మాట్లాడినవాళ్ళు బాగా మాట్లాడారు. ఒకాయన గోప్యత ముఖ్యమే గానీ అభివృద్ధి కూడా ముఖ్యం అన్నాడు. ఇంకొకాయన అభివృద్ధి ముఖ్యమే గానీ గోప్యత కూడా ముఖ్యం అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకున్నారు. ముందువరస చప్పట్లు కొట్టింది. టేపక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని వాళ్ళ కోట్ల భుజాలు చూస్తూ కూర్చుంది. ఒక్కటీ సరిగా కుదరలేదు.

తర్వాత పెద్దాఫీసరు లేచాడు. "మన పనితీరుకు ఒక చిన్న ఉదాహరణ," అని మీట నొక్కాడు. వెనక గోడంత తెల్లతెర మీద అక్షరాలు పడ్డాయి.

పేరులో మొదటి అక్షరం, తర్వాత చుక్కలు. బడి పేరు చుక్కలు లేకుండా పూర్తిగా. దాని కింద: 'ఎడమ పక్క లేదు. దూది మూడు పొరలు.' అన్నిటికీ కింద పచ్చరంగులో: 'ఏడు రోజుల్లో పరిష్కారం.'

రెండొందల మంది తలెత్తి చదివారు. టేపక్క వెనక వరసలో ఒకావిడ పక్కావిడతో, "ఆ బడి మా వీధి చివరే. ఎవరంటావ్?" అంది.

టేపక్క లేచింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. కుర్చీల మధ్య నడవలో తెరమీద బొమ్మలు వేసే యంత్రం ఉంది. చేతిలోని గుడ్డసంచి దాని కంటికి తగిలించింది. తెర చీకటైంది. వెలుగంతా సంచిమీద పడి, అందులోని దారపుండలు పైకి కనపడ్డాయి.

"ఎవరమ్మా అది?"

"మీరు పిలిచినదాన్నే. నాకు మూడు నిమిషాలిచ్చారుగా."

మెట్లెక్కి వేదికమీదికి పోయింది. మెడలోంచి టేపు తీసింది.

"సార్, కోటు విప్పండి. మీ నడుము కొలిచి మైకులో చెప్తాను."

పెద్దాఫీసరు నవ్వబోయాడు. టేపు దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగింది. చేతిలోని ఫైలు పొట్టకు అడ్డం పెట్టుకుని ఒకడుగు వెనక్కేశాడు.

"ఏంటమ్మా ఇది? సభలో ఇవేం పనులు?"

"పేరు చెప్పన్లెండి. మొదటి అక్షరం, చుక్కలు. నడుము మాత్రం చెప్తా. చొక్కా లోపల నడికట్టు బిగించారు, అది కూడా 'ప్రత్యేక వివరం'లో రాస్తా. ఇరవై అక్షరాలు దాటుతుంది, ఇబ్బంది లేదు."

సభ గొల్లుమంది. పెద్దాఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. ఫైలు ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు.

"అది నా సొంత విషయం," అన్నాడు.

మైకు దగ్గరగా ఉండడం వల్ల ఆ మాట మందిరమంతా వినబడింది.

"అదే సార్ నేను చెప్పేది. ఆవిడది కూడా. ఆ మూడు ముక్కలు ఇప్పుడే, నా ఎదురుగా తీసెయ్యండి. నాలుగు రోజుల్లో ఆవిడింటికి పెట్టె వస్తుంది."

పెద్దాఫీసరు పక్కకి వంగాడు. పక్కాయన ఆయన చెవిలో ఏదో చెప్పాడు. అప్పుడు పెద్దాఫీసరు గొంతు సవరించుకుని, తుడిచివేతకు చట్టంలో ఇంకా దారి లేదనీ, ఆ దారి ఉండాలా వద్దా అనేదానిమీదే ఈ సభ అనీ, అభిప్రాయాలు ఏడాది చివరిదాకా తీసుకుంటామనీ చెప్పాడు. సోదరి ఆవేదనను నమోదు చేసుకున్నామన్నాడు.

చప్పట్లు కొట్టారు. అంతసేపు నవ్వినవాళ్ళే కొట్టారు. టేపక్క కిందికి దిగుతుంటే, మెడలో గుర్తింపు బిళ్ళ వేలాడుతున్న ఒక అమ్మాయి ఎదురొచ్చింది.

"చాలా బాగా చెప్పారండీ! మా నివేదికలో మీ అనుభవం వాడుకోవచ్చా? ఆ మేడమ్ వివరాలు కూడా ఇస్తే... ఇక్కడొక సంతకం చాలు."

ముఖాన ఉమ్మేయాలనిపించింది. నోరు ఎండిపోయి ఉంది. సంచి తీసుకుని బయటికి నడిచింది.

కొట్టుకి పోయి పుస్తకం తీసుకుని, అట్నుంచి అటే పంతులమ్మ ఇంటికి వెళ్ళింది. పంతులమ్మ గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. టేపక్క ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది.

"కాలేదా?"

"కాలేదు. గోడమీద వేసి అందరికీ చూపించారు."

పంతులమ్మ కాసేపు గేటు గడియ తీస్తూ పెడుతూ నిలబడింది. "రెండేళ్ళు దాచాను," అంది. "అమ్మకి చెప్పేరోజు నేను ఎంచుకోవాలనుకున్నా. ఎవడో ముక్కూముఖం తెలీనివాడు ఎంచాడు. పెట్టె చెప్పేకంటే నేనే చెప్తాలే."

లోపలికి పోయి తలుపు వేసుకుంది. టేపక్క మెట్టుమీద కూర్చుంది. లోపల మాటలేమీ వినపడలేదు. ఒక కుర్చీ జరిగిన చప్పుడు, ఆ తర్వాత ఎవరో గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు. ఇంతలో ఫోను టింగుమంది. 'మా సేవతో తృప్తి చెందారా? అయిదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారు?' ఏదో కుళ్ళిన వస్తువు పట్టుకున్నట్టు ఆ ఫోనుని రెండు వేళ్ళతో పట్టి సంచి అడుక్కి తోసింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ముసలావిడ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ నిటారుగా నిలబడింది.

"నువ్వేనా నా బిడ్డకి కుట్టేది?"

"నేనేనమ్మా."

"ఆ పెట్టె వస్తే సంతకం నేనే పెడతా. తెచ్చినవాడి సంగతి కూడా చూస్తా." గుమ్మం పట్టుకుని ఒక మెట్టు దిగింది. "దాని కొలత నీ దగ్గర ఉందటగా?"

టేపక్క పుస్తకం తెరిచింది. పంతులమ్మ గుర్తు, దీపం బొమ్మ, ఉన్న కాగితం అంచు వెంబడి మెల్లగా చింపి, రెండు చేతులతో ఇచ్చింది. ముసలావిడ దాన్ని చదవలేదు. నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో మూసుకుంది. అక్కడే నిలబడింది, ఇంకా ఏదో ఇస్తుందన్నట్టు.

"మరి ఆ పలకలోది?"

టేపక్క తల వంచుకుంది. మెడలోంచి జారిన టేపు ఒళ్ళో పడితే, దాన్ని చుట్టడం మొదలుపెట్టింది.