బిల్లులో పదకొండు నిమిషాలు

ప్లీడరుగారి ఆఫీసులో ఆవిడని అందరూ తాళంకప్ప అంటారు. ఇరవై ఆరేళ్ళుగా గుమాస్తా పని చేస్తూ ఒక్క కక్షిదారు గుట్టయినా బయట పెట్టలేదు. భర్త గుచ్చి గుచ్చి అడిగినా "ఫైళ్ళు సర్దాను" అన్న ముక్క తప్ప నోట్లోంచి ఇంకోటి రాదు. అందుకే ఆ బిల్లుల పని ఆవిడ నెత్తిన పడింది.

కేసు అన్నాచెల్లెళ్ళది, అన్న తరఫున ఈ ప్లీడరుగారు. తండ్రి వదిలిన ప్రింటింగు ప్రెస్సు ఇద్దరిదీ. అన్న తన ప్లీడరు ఫీజు కూడా ప్రెస్సు డబ్బుతోనే కట్టాడని చెల్లెలి ఆరోపణ. బిల్లులు చూపించమంది కోర్టు. తేదీ, సమయం, ఫీజు కనబడాలి. ప్లీడరుకీ కక్షిదారుకీ మధ్య నడిచిన మాట మాత్రం కనబడకూడదు. ఈలోగా అన్న పోయి మూడు నెలలైంది. మనిషి పోయినా ఆ రహస్యం పోదు, కొడుకు చేతికి వస్తుంది.

ఆవిడ నల్ల మార్కరుతో ఒక్కో వరుసలో మాటలు మాత్రం కొట్టేస్తూ పోయింది. కొట్టేసిన కాగితాన్ని మళ్ళీ జిరాక్సు తీయాలి. లేకపోతే వెలుతురుకి పట్టుకున్నప్పుడు కింది అక్షరాలు తెలిసిపోతాయి. ఆఖరి పేజీ దగ్గర చెయ్యి ఆగింది. అన్న పోవడానికి ముందురోజు తేదీ. ఆసుపత్రి నుంచి ఫోను, పదకొండు నిమిషాలు. "కేసు వదిలేస్తానన్నారు. చెల్లెల్ని పిలిపించమని అడిగారు. తీర్పు వచ్చేదాకా ఆమెతో మాట్లాడవద్దని సలహా ఇచ్చాం."

ఆ వరుస టైపు చేసింది తనే. అప్పుడు తప్పులున్నాయేమోనని చూసుకుందే గాని ఏం రాస్తోందో పట్టించుకోలేదు. ఇప్పుడు మార్కరుకి మూత పెట్టేసింది.

కాగితం పట్టుకుని ప్లీడరుగారి గదిలోకి వెళ్ళింది.

"సార్, ఈ ఒక్క వరుస కొట్టెయ్యకుండా వదిలేద్దామా?"

ఆయన చదివి కళ్ళజోడు తీశారు. "వదిలెయ్యడానికి అది మనది కాదమ్మా. కొడుకుని అడుగుతాను."

కొడుకు ఫోనులోనే తేల్చేశాడు. "నాన్న వదిలేస్తానన్నారని తెలిస్తే అత్త రేపే దాన్ని కోర్టులో పెడుతుంది. కుదరదండి."

ఆ మాటలూ కొట్టేసి, ఆవిడ జిరాక్సు మిషను ముందు నిలబడింది. ఆ ఒక్క పేజీ జిరాక్సు తీయకుండా, వెలుతురుకి కనబడేలా అలాగే ఇచ్చేస్తే? మరిచిపోయాననొచ్చు. ఇన్నేళ్ళ పేరుంది, ఎవరూ అనుమానించరు. ఆ పాడు పేరే అడ్డొచ్చింది. అన్ని పేజీలూ జిరాక్సు తీసింది.

మర్నాడు చెల్లెలు తనే వచ్చింది, వాళ్ళ ప్లీడరు ఊళ్ళో లేడట. నిలబడే కాగితాలు తిరగేసి ఆఖరి పేజీలో తేదీ మీద వేలు పెట్టింది.

"ఇది అన్నయ్య పోయే ముందురోజు కదా. అప్పటికి గొంతు కూడా సరిగా రావట్లేదన్నారు. పదకొండు నిమిషాలు ఏం మాట్లాడాడు?"

"అది చెప్పకూడదమ్మా."

"కేసు గురించేనా?"

ఆవిడ తల దించుకుంది. అవునన్నా అబద్ధం కాదు. కానీ అవునంటే ఎంత అన్యాయమో ఆవిడకి తెలుసు.

చెల్లెలు కాగితాలు ముట్టినట్టు సంతకం చేసి, వాటిని సంచిలో పెట్టుకుంది. మొహంలో కోపం లేదు. గుమాస్తాకి భయమేసింది అందుకే.

"ఆఖరి చూపుకైనా వెళ్ళలేకపోయానని మూణ్ణెల్లుగా ఏడుస్తున్నానమ్మా," అంది చెల్లెలు. "ఉన్న కాస్త గొంతూ కేసుకే ఖర్చు పెట్టాడుగా. ఇంక ఏడవక్కర్లేదు."