నడుముకి తుండుగుడ్డ

నరసింహం తెల్ల లాగు ఒకటి ఒళ్ళో పరుచుకుని, మోకాలి దగ్గర ఎండిన ఎర్రమట్టిని బ్రష్‌తో దులుపుతున్నాడు. మట్టి ఎండకముందే నీళ్ళలో వేస్తే మరక గుడ్డలోకి దిగిపోతుంది. కాలేజీ లాండ్రీలో చేరినప్పుడు ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పే అవసరమూ లేదు. కనిగిరి దగ్గర అతను పుట్టిన ఊళ్ళోనూ మట్టి ఇదే రంగు. చెడుగుడు ఆడి ఇంటికొస్తే అమ్మ పంచె విప్పించి దండెం మీద వేసేది. ఎండాక దులిపి అప్పుడు ఉతికేది. నార్త్ కరోలినాలో మొదటిసారి కారెక్కి వస్తూ, రోడ్డు పక్కన తవ్విన గట్టు చూసి, ఇంతదూరం వచ్చింది మళ్ళీ ఇక్కడికేనా అనుకున్నాడు.

శ్రీధర్ డాక్టరుగారింట్లో వంటకని వచ్చారు, అతనూ భార్య మీనాక్షీ. డాక్టరుగారు వేరే రాష్ట్రానికి మారుతూ రమ్మన్నారు. మీనాక్షి మళ్ళీ మూట కట్టనంది. ఆమె కాలేజీ వంటింట్లో చేరింది, అతను లాండ్రీలో. పన్నెండేళ్ళు అలాగే గడిచాయి.

మిషన్లో బట్టలు వేసి మీట తిప్పాడు. ఎడమ భుజం కాస్త లాగింది. రుద్దుకున్నాడు. చిలక్కొయ్యకున్న తెల్ల తుండుగుడ్డ తీసి నడుముకి వెనక దోపుకున్నాడు. దాని అంచు చిరిగితే మీనాక్షి నీలం దారంతో కుట్టింది. తలుపు తోసి మైదానంలోకి నడిచాడు.

ఇక్కడి ఫుట్‌బాల్ కాలితో ఆడేది కాదు. ఒకడు వెనక నిలబడి బంతి విసురుతాడు, వాడు క్వార్టర్‌బ్యాక్. వాడు విసిరేలోపల అడ్డం ఉన్న మనుషుల్ని తప్పించుకుని వెళ్ళి వాణ్ణి పట్టుకోవాలి. దానికి పాస్ రష్ అని పేరు. పోటీలు చలికాలం ముందు. వేసవిలో ఆట ఉండదు, కోచ్‌లు మైదానంలోకి వచ్చి నేర్పకూడదని రూలు. కుర్రాళ్ళే వచ్చి సాధన చేసుకుంటారు. బంతి విసిరేవాడి చోట ఎవరో ఒకరు నిలబడాలి. ఒక వేసవిలో లాండ్రీ గుమ్మంలో ఖాళీగా కనబడ్డ నరసింహాన్ని పిలిచారు. పడదోయరు, నడుముకున్న గుడ్డ లాగుతారంతే. అప్పట్నించీ ప్రతి వేసవీ ఆ చోటు అతనిదే. అక్కడ గడ్డి మొలవడం మానేసింది.

ఈ ఏడు మాత్రం కోచ్ హెన్లీ లాండ్రీకి వచ్చి బల్ల మీద కూచున్నాడు.

"మిస్టర్ సిమ్, పోయినేడాది మావాళ్ళు బంతి విసిరేవాడి దగ్గరిదాకా పోతున్నారు, వాడు ఒకడుగు ముందుకేస్తున్నాడు, వీళ్ళు వెనకనుంచి దూసుకుపోతున్నారు. ఈసారి నువ్వు స్తంభంలా నిలబడొద్దు. కదులు. తప్పించుకో." తర్వాత అతని మోకాలి వైపు చూశాడు. "చేతకాదంటే చెప్పు. చక్రాల బొమ్మ ఒకటి అమ్ముతున్నారు, తెప్పిస్తా."

"ఐ కెన్," అన్నాడు నరసింహం.

చెడుగుడులో అతను కూతకి వెళ్ళేవాడు. పట్టబోయిన చేతుల కిందనుంచి సగం తిరిగి జారిపోవడం అతనికి ఎవరూ నేర్పింది కాదు. ఈ వేసవిలో మోకాలు నొప్పెట్టినా ఆ జారుడు మళ్ళీ ఒంట్లోకి వచ్చింది.

డార్నెల్ అనే కుర్రవాడికి అది గండమైంది. మనిషి ఏనుగు. ఇదే వాడికి ఆఖరి ఏడు. ఆగస్టుకల్లా మలుపు తిరగడం నేర్చుకోకపోతే వాడి చోట కొత్తవాణ్ణి నిలబెడతామని చెప్పేశారు. చలికాలమంతా బరువులెత్తి ఛాతీ పెంచాడు. కానీ గుడ్డ దాకా వచ్చేసరికి వేగం ఆపుకోలేక పక్కనుంచి వెళ్ళిపోతాడు.

ఇవాళా అంతే. మొదటిసారి పోయాడు. రెండోసారీ పోయాడు. వాడికి అడ్డం నిలబడే ఎర్ల్ నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు.

"ఒరే, తాతని పట్టుకోలేవు, క్వార్టర్‌బ్యాక్‌ని పడతావా? పోయి లాండ్రీలో చేరు. సాక్సులు జతలు కట్టుకో."

"నోరుముయ్," అన్నాడు డార్నెల్. చెమట తుడుచుకుని గీత మీద వంగాడు.

నరసింహం చూశాడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. తను ఒక్కసారి ఆగితే చాలు. వాడు ఆనందంగా ఇంటికి పోతాడు. అక్టోబరు పోటీల్లో వేరేవాడెవడూ ఆగడు.

డార్నెల్ లేచాడు. ఎర్ల్ చేతిని కొట్టి పక్కకి తిరిగాడు. నరసింహం ముందుకి అడుగేసి, భుజం దించి, కనిగిరిలో తిరిగినట్టే తిరిగాడు. ఇంత బాగా ఈ వేసవిలో ఎప్పుడూ తిరగలేదు. డార్నెల్ ఈసారి దూసుకుపోలేదు. లోపలి కాలు మట్టిలో దిగేసి, ఒళ్ళంతా వంచి, చెయ్యి చాచాడు. నడుం దగ్గర గుడ్డ సర్రున జారిపోయింది.

చిన్నప్పుడు గీత దగ్గర పట్టుబడితే నరసింహానికి ఏడుపొచ్చేది. ఇప్పుడు నవ్వొచ్చింది.

డార్నెల్ మట్టిలోంచి లేచి, గుడ్డ పిడికిట్లో పట్టుకుని, దగ్గరకొచ్చాడు. "మిస్టర్ సిమ్, నాకోసం స్లో అయ్యావా?"

"నో స్లో. ఐ రన్."

"ప్రామిస్?"

నరసింహం తల ఊపాడు. గుడ్డ వాణ్ణే ఉంచుకోమని చేత్తో సైగ చేశాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాడు. మీనాక్షి చారన్నం కలిపి పెట్టింది.

"వాడు నన్ను పట్టుకున్నాడే ఇవాళ."

"ఎవడు, ఆ దున్నపోతా?"

"ఊఁ."

"మోకాలు నొప్పెట్టి ఆగుంటావు."

"ఆగలా. పోవాల్సినంతా పోయా."

"పాపమని వదిలేశావేమోనయ్యా."

"పాపమని వదిలేస్తే అది ఆటేనా? నిన్ను అష్టాచెమ్మాలో ఎప్పుడన్నా వదిలానా?"

"నువ్వా? పెళ్ళైన కొత్తలోనే వదల్లా. మొండిమనిషివి." ఆమె నవ్వి మజ్జిగ పోసింది. "ఏందయ్యా, చెయ్యి రుద్దుకుంటున్నావు? అమృతాంజనం రాయనా?"

"సాయంత్రం రాద్దువులే."

తిరిగి వెళ్ళి తడిబట్టలు డ్రయ్యర్లో వేసి, ఎదురుగా కుర్చీలో కూచున్నాడు. గాజు తలుపు వెనక తెల్లలాగులు పడుతూ లేస్తూ తిరుగుతున్నాయి. మిషన్ ఆగింది. పక్కబల్ల దగ్గర పనిచేసే జోన్ అతను కునుకు తీస్తున్నాడనుకుని, లేపడమెందుకని, బట్టలు తనే తీసి మడతపెట్టింది. కట్టలన్నీ అయ్యాక భుజం తట్టింది. అతను లేవలేదు.

మూడోనాడు డార్నెల్ మీనాక్షి గుమ్మంలో నిలబడ్డాడు. గుమ్మం నిండిపోయింది. చేతిలో తుండుగుడ్డ.

"మ్యామ్, ఆయన గుండె ఆ పొద్దుట్నించే బాగాలేదని డాక్టర్ అన్నాడట. అందుకే స్లో అయ్యాడు కదా? నేను పట్టుకోలేదు కదా?"

మీనాక్షికి సగమే అర్థమైంది. ఆ సగం చాలింది. లోపలికెళ్ళి అష్టాచెమ్మా గవ్వలు తెచ్చి వాడి ముందు అరచెయ్యి చాపింది.

"ఆల్ లైఫ్, హీ విన్. హీ నో గివ్. మీ, వైఫ్, నో గివ్." గవ్వలు మూసేసి వాడి గుండె మీద వేలు పెట్టింది. "యూ, హీ నో గివ్. హీ టెల్ మీ. యూ క్యాచ్."

డార్నెల్ గుడ్డ ఇవ్వబోయాడు. ఆమె వాడి వేళ్ళు మళ్ళీ దాని మీదికి మూసింది.

ఆగస్టులో కోచ్‌లు మైదానంలోకి వచ్చారు. డార్నెల్ తన చోటులోనే ఉన్నాడు. గడ్డి మొలవని ఆ చోట చక్రాల బొమ్మని తెచ్చి నిలబెట్టారు. దాని నడుముకి తెల్ల తుండుగుడ్డ వేలాడుతోంది. నీలం దారం కుట్టిన అంచు మీద, ఒక పిడికిలి పట్టిన మేర, ఎర్రమట్టి ఎండి ఉంది. ఎవరూ దులపలేదు.