బాతుకు వేసిన కుర్చీ

అనుమానాలాయన మంచినీళ్ళు కూడా వాసన చూడకుండా తాగడు. ఆఫీసులో అందరూ పిలిచే పేరది, ఆయనకీ తెలుసు. వలసపక్షుల ఒప్పందాల సమావేశాలకు దేశం తరఫున ఏటా ఆయన్నే పంపుతారు. ఎవర్నీ నమ్మని మనిషిని బుట్టలో వేయడం పరాయివాళ్ళ తరం కాదని పైవాళ్ళ ధీమా.

ఆ రోజూ హాల్లో పక్క దేశం ఆవిడ నవ్వగానే, ఏదో మతలబు ఉందనుకున్నాడు. ఎదురుగా బాతు కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.

ఆ కుర్చీ ఈనాటిది కాదు. తాతల కాలంలో రెండు దేశాలు మొదటి ఒప్పందం రాసుకున్నాయి. పక్షులు గుడ్లు పెట్టేచోట వాళ్ళూ, చలికాలం గడిపేచోట వీళ్ళూ తుపాకులు దించాలి. దారిలో అవి ఆగి అలుపు తీర్చుకునే చెరువుల సంగతి మాత్రం ఇద్దరూ మరిచారు. మరుసటి సమావేశానికి బాతు తనే వచ్చి కూర్చుంది. అప్పట్నుంచి నడుమనున్న దేశాలు ఒక్కొక్కటే చేరాయి, కాపాడాల్సిన చెరువుల జాబితా పెరిగింది. బాతు వచ్చాకే సంతకాలు.

ఈసారి ఆయన సొంత ఊరి చెరువును జాబితాలోంచి కొట్టేయించాలి. "అదెప్పుడో ఎండిపోయింది బావా. రిటైరయ్యాక నీ ఇల్లు అక్కడే కట్టిస్తా," అన్నాడు బావమరిది. లోకాన్నంతా అనుమానించే మనిషి ఆ మాట మాత్రం ఇట్టే నమ్మేశాడు. ఇల్లంటే ఆశ మరి.

కిటికీలోంచి బాతు రానే వచ్చింది. తన కుర్చీ వైపైనా చూడకుండా ఆయన ఒళ్ళోకెక్కి, తల రెక్కలో దూర్చి నిద్రపోయింది.

"గింజలేసి మచ్చిక చేశారా?" అన్నాడు పక్కావిడతో.

"అలిసిపోయినట్టుంది, పడుకోనివ్వండి," అందావిడ.

దాని కాళ్ళు తడితడిగా ఉన్నాయి. ప్యాంటుకి నల్లటి బురదంటింది. అలవాటుగా వేలితో తీసి వాసన చూశాడు. చిన్నప్పుడు చెరువులో ఈదొస్తే ఈ వాసన పట్టే అమ్మ వీపు విమానం మోత మోగించేది. ఆయనకి సిగ్గేసింది. ఫోన్ తీశాడు.

"చెరువు ఎండిపోయిందన్నావు కదరా?"

"ఎండిపోయింది బావా, నీమీదొట్టు."

"మరి నా ఒళ్ళో ఈ తడేంట్రా?"

బావమరిది ఫోన్ పెట్టేశాడు.

"మా చెరువు జాబితాలోనే ఉంటుంది," అని సంతకం పెట్టాడు. తర్వాత భార్యకి ఫోన్ చేసి, ఇల్లు వేరేచోట చూసుకుందామన్నాడు.

"సరిగ్గా వినపడట్లేదు, కాస్త గట్టిగా చెప్పండి," అందావిడ.

"గట్టిగా అంటే లేస్తుందే," అన్నాడాయన, ఇంకా గొంతు తగ్గించి.