అక్క ఉన్న ఇంట్లో ఒక పూట

కళ్ళు తెరవకముందే దగ్గు వినిపించింది. పక్కగదిలో అక్క దగ్గుతోంది. అక్క పోయి చాలా ఏళ్ళయింది.

కదలకుండా పడుకున్నాను. కదిలితే కల చెదిరిపోతుందని భయం. కానీ కలలో మోకాళ్ళు నొప్పెట్టవు కదా, నావి నొప్పెడుతున్నాయి. కిటికీకి నేనెన్నడూ కొనని నీలం తెర వేలాడుతోంది. ఇల్లు మాత్రం మాదే.

"ఏమే మహారాణీ! లేస్తావా, పల్లకీ పంపించమంటావా?"

గుమ్మంలో అక్క. జుట్టు పూర్తిగా తెల్లబడిపోయింది. ఆ తెల్లజుట్టు నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన అక్క అంతవరకూ బతకలేదు.

"అలా గుడ్లప్పగించి చూస్తావేం? హోటలు వాళ్ళ చొక్కాలు సాయంత్రానికి ఇవ్వాలి, గుర్తుందా?"

ముందుగదే మా కుట్టు దుకాణం. మొదటినుంచీ మిషను నాది, చేతిపని అక్కది. గుండీ దూర్చే కాజా అంచు చుట్టూ చేత్తో దగ్గర దగ్గరగా కుట్టాలి. అక్క ఉన్నన్నాళ్ళూ నేనా పని నేర్చుకోలేదు.

అక్క టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. కనుమరుగైతే మళ్ళీ కనిపించదేమోనని గిన్నెల చప్పుడు వింటూ కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం నావల్ల కాలేదు. ఒక చొక్కా ఒళ్ళోకి తీసుకుని సూదిలో దారం ఎక్కించాను.

అక్క గ్లాసులతో వచ్చేసరికి రెండో కాజా సగంలో ఉంది. గ్లాసులు కింద పెట్టి, చొక్కా లాక్కుని, వెలుతురు వైపు తిప్పి చూసింది.

"ఇదెప్పుడు నేర్చుకున్నావే?"

"ఎప్పుడో..."

"నిన్నటిదాకా నీకు రాదు. చిన్నప్పుడు నేర్పబోతే సూది విసిరికొట్టి, 'నువ్వుండగా నాకెందుకే' అన్నావు. ఇన్నేళ్ళూ అదే పాట." అక్క కుర్చీలో కూలబడింది. "ఎవరు నువ్వు?"

"నీ చెల్లెల్నే అక్కా."

"నా చెల్లెలికి ఇది రాదు."

నాకు ఏడుపు ఆగలేదు. అక్క చొక్కా ఒళ్ళో పెట్టుకుంది.

"పోయినవారం టీవీలో చూశాం, ఆ సైన్సు సీరియలు. వాడెవడో నిద్ర లేచేసరికి మనిషి వాడే, బతుకు వేరే. వేరే పెళ్ళాం, వేరే ఉద్యోగం. వాడంటే కుర్రాడు. ఈ వయసులో నీకేం పోయేకాలమే?"

ఏడుస్తూనే నవ్వాను. అక్క నవ్వలేదు. కాజా మీద వేలితో రాస్తూ, "అంటే అక్కడ నేను లేను," అంది. "లేకపోబట్టే నేర్చుకున్నావు."

తలూపాను.

"ఎలా పోయాను?"

"ఆ దగ్గే. డాక్టరు దగ్గరికి రానని మొండికేశావు. పద, ఇప్పుడే వెళ్దాం."

"వెళ్తాలే."

"వెళ్తాలే కాదు, ఒట్టెయ్యి."

నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసింది. ఇంకాసేపు ఉంచమని అడుగుదామనుకునేలోపే తీసేసింది.

"ఆ సీరియల్లో వాడు మళ్ళీ నిద్రపోతే ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళిపోయారు," అంది మెల్లగా.

"టీవీ వాళ్ళ మాట నమ్ముతావా అక్కా?"

"ఇంకెవర్ని అడగనే? కరెంటాఫీసులోనా?"

"అయితే నేను నిద్రేపోను. కళ్ళకి పుల్లలు పెట్టుకునైనా మేలుకుంటాను."

అక్క గ్లాసు ఎత్తి, తాగకుండానే దించింది.

"మరి నా చెల్లెలు? ఈపాటికి మీ ఇంట్లో లేచి ఉంటుంది. నన్ను పిలుస్తూ ఉంటుంది. ఒక్కతే ఉండలేదే అది. దీపం పోతే చాలు, నా చెయ్యి వెతుక్కుంటుంది."

"నేనూ అంతే కదా అక్కా."

"నీకు అలవాటైపోయింది కదా తల్లీ," అంది.

కోపంగా అని ఉంటే పోట్లాడేదాన్ని. ఎంతో జాలిగా అంది. పొమ్మనలేదు. కానీ నేను ఎదురుగా కూర్చుని ఉండగానే చెల్లెలి కోసం బెంగపెట్టుకుంది. ఆ బెంగ ఎలాంటిదో నాకు తెలుసు. ఇన్నేళ్ళూ నన్ను తినేసింది అదే. చేతులారా దాన్ని అక్కకెలా అంటించను?

"చొక్కాలు పూర్తిచేసి పడుకుంటాను," అన్నాను.

మధ్యాహ్నం దాకా పక్కపక్కన కూర్చుని కుట్టాం. నేను కావాలనే నెమ్మదిగా కుట్టాను. అక్క కనిపెట్టింది. ఆఖరికి మంచం మీద వాలితే వచ్చి పక్కన కూర్చుంది.

"వేళకి తింటున్నావా అక్కడ?"

"ఆఁ, తింటున్నాను."

అబద్ధమని తెలిసిపోయినట్టుంది, నా చెయ్యి పట్టుకుంది. నిద్ర వచ్చేదాకా ఆమె మొహమే చూస్తూ ఉన్నాను.

కళ్ళు తెరిచేసరికి నా ఇల్లు. గదుల తలుపులు, బీరువా, పెరటి తలుపు, అన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. మంచం పక్కన పక్కింటి వదిన కూర్చుని ఉంది.

"లేచావా? పొద్దుటినుంచీ 'అక్కేది, అక్కేది' అంటూ ఇంటింటికీ తిరిగావు కదమ్మా! ఎన్నడో జరిగింది, మళ్ళీ నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. ఆనాడు కంటతడి పెట్టనిదానివి, ఇవాళ వీధంతా వినేలా ఏడ్చావు. ఏడ్చి ఏడ్చి ఇందాకే కునుకు తీశావు."

దిండు ఇంకా తడిగానే ఉంది. అక్కడ ఈపాటికి ఆ చెల్లెలు కూడా కళ్ళు తెరిచి ఉంటుంది. ఎదురుగా అక్క ఉంటుంది.

"ఇప్పటికైనా మనసు కుదుటపడిందా?" అని అడిగింది వదిన.

"పడే ఉంటుంది వదినా," అన్నాను.