మార్చిన చరణం

పాట ఇద్దరిది. మొదటి చరణం ఉమామహేష్, రెండోది ఎజ్రా. బోధన్ ఆటోల్లో ఇప్పుడు అదే, పెళ్లి బరాతుల్లో అదే. మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు ఇద్దరూ నల్లద్దాలు పెట్టుకుని చేతులూపిన వీడియోని నిజామాబాద్ కాలేజీ కుర్రాళ్లు స్టేటస్‌లుగా పెట్టుకున్నారు. ఇంత పేరొస్తే ఎవడైనా ఎగిరి గంతేస్తాడు. ఉమామహేష్ మాత్రం పాట ఎక్కడ వినపడినా రెండో చరణం రాకముందే జారుకునేవాడు.

ఆ చరణం ఎజ్రా గొంతులో ఉంది గానీ ఎజ్రాది కాదు మరి.

నిజామాబాద్‌లో ఓ మేడ మీది స్టూడియోలో రికార్డింగు. ఎవరి చరణం వాళ్లు కట్టుకొచ్చారు. ఎజ్రా కాగితం మీద పెట్టడు; నోటికి కట్టుకొచ్చినదాన్ని, రికార్డింగు మొదలవకముందు, అక్కడే మొదటిసారి వినిపించాడు. చిన్నప్పుడు దోస్తు ఇంటికి పోతే ఆ ఇంటమ్మ కడుపునిండా పెట్టేది, నవ్వుతూ మాట్లాడేది. కానీ వరండా కిటికీలో తనకోసం వేరే గ్లాసు ఉండేది. తాగి, కడిగి, తనే బోర్లించి వచ్చేవాడు. ఇంతే చరణం. తిట్టు లేదు, పేరు లేదు.

ఉమామహేష్‌కి వెంటనే తెలిసిపోయింది. ఆ ఇల్లు తమదే. ఆ ఇంటమ్మ తన తల్లి హైమ. తాతలు గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్నారు గానీ, వాడు పుట్టిందీ పెరిగిందీ బోధన్‌లోనే. ఆ గ్లాసు రోజూ చూశాడు. ఒక్కనాడూ ఇదేమిటని అడగలేదు.

"మామా, మా అమ్మ ఈ పాట ఇంటదిరా. తట్టుకోదు. మార్చు," అన్నాడు.

"పేరు పెట్టలే గద?"

"పెట్టకున్నా అందరికి ఎర్కయితది. నా కోసం మార్చురా."

ఎజ్రా మైకు దగ్గర్నుంచి పక్కకు జరిగాడు. "అయితె నువ్వే రాసియ్యి. నాకు ఇంకోటి రాదు."

రాసిచ్చాడు మహానుభావుడు. దోస్తానా, బుల్లెట్ బండి, దునియా మొత్తం మనదే. పనికిమాలిన సరుకు. ఎజ్రా దాన్ని ఒక్క ఊపులో పాడేసి మెట్లు దిగిపోయాడు. మాటకు కట్టుబడి వీడియోకి వచ్చాడు. ఆ తర్వాత మైకు ముట్టలేదు. బస్టాండు పక్కన ఫోన్లు బాగుచేసే తన కొట్టులో కూర్చున్నాడు.

ఒకరోజు హైమ టీవీలో పాట విని కొడుకుని పిలిచింది.

"ఏరా, ఎజ్రా చేత ఇవేం మాటలు పాడించావు? ఆ పిల్లాడు ఇలా వాగే రకం కాదే."

ఉమామహేష్ ఇక దాచలేకపోయాడు. ఉన్నదంతా కక్కేశాడు. అమ్మ ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ఏడవలేదు.

"ఆ గ్లాసు పెట్టిన చెయ్యి నాదేరా, నాకు తెలీదా? మీ నానమ్మకి భయపడి పెట్టాను. ఆవిడ పోయాక తీసేద్దామంటే అప్పటికే వాడు రావడం మానేశాడు. ఏ మొహం పెట్టుకుని పిలవను? వాడే నోరు తెరిస్తే, నువ్వెళ్లి మూశావు." టీవీ కట్టేసింది. "వాణ్ణి ఉన్నది ఉన్నట్టు పాడమను. ఊరంతా విననీ. నేనే వాళ్లింటికెళ్లి తప్పయిందంటాను."

ఉమామహేష్ ఆ పూటే కొట్టుకి పరిగెత్తాడు. తను చేసింది ఎంత చెడ్డపనో దారంతా వాణ్ణి తొలుస్తూనే ఉంది. అమ్మ అన్నదంతా చెప్పాడు.

"అమ్మనే అన్నదా?" ఎజ్రా చేతిలో పని ఆపాడు. మొహం వెలిగింది. కళ్లు మూసుకుని, బల్లమీద వేళ్లతో తాళం వేస్తూ ఎత్తుకున్నాడు. ఒక లైను వచ్చింది. రెండోదానికి ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే ఆగాడు.

"వస్తలేదురా. నీ మాటలు పాడాల్నంటె నావి మర్వాలె గద. గట్టిగనే మర్సిన."

ఉమామహేష్‌కి ఒక్కో మాటా గుర్తుంది. విన్నది ఒక్కసారే అయినా గుర్తుంది. అందిద్దామని నోరు తెరిచాడు.

ఎజ్రా చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దురా. నీ నోటెంట వస్తె అది గూడ నువ్వు రాసిచ్చిందే అయితది."