దేవుని బిందె

లచ్చవ్వ ఇంట్లో ఒక నీటిబొట్టు వృథాగా పోవాలంటే దానికి చాలా ధైర్యం కావాలి. అది పంతొమ్మిది వందల డెబ్బై మూడు, కరువు ఎండాకాలం. నాందేడ్‌లో వాళ్ల గల్లీ నల్లా ఎండిపోయి నెలలైంది. బియ్యం కడిగిన నీళ్లు గోరుచిక్కుడుకు పోవాలి. స్నానాల బండ మీది నీళ్లు చిన్న కాలువ పట్టుకుని బీరపాదుకు చేరాలి. గిన్నెలు బూడిదతో తోమి తడిబట్టతో తుడవాలి, అంతే. కోడలు వత్సల చెంబు కొంచెం వంచి పోసినా చాలు, అవతలి గదిలోంచి ఆ ముసలామె దగ్గేది.

అంత పొదుపు చేసే ఇంట్లో ఒక్క ఇత్తడి బిందెకు మాత్రం ఏ పొదుపూ వర్తించదు. అది దేవుని బిందె. ఇంటి ఆడమనిషి పొద్దున్నే స్నానం చేసి, గోదావరి ఇసుకలో తవ్విన చెలమ నుంచి ఆ బిందె నిండా నీళ్లు తేవాలి. దేవునికీ, వంటకూ, తాగడానికీ అవే. మర్నాడు తెల్లవారేసరికి అందులో సగం మిగిలినా సరే, నిన్నటి నీళ్లు దేవునికి పనికిరావు. వాటిని పెరట్లోని దానిమ్మ మొదట్లో పారబోసి, బిందె చింతపండుతో తోమి, మళ్లీ ఏటికి నడవాలి. దేవునికి పెట్టే పండ్ల చెట్టు కాబట్టి దానికి ఎంగిలినీళ్లు, సబ్బునీళ్లు పోయకూడదు. ఆ చెట్టు బతికేదే ఈ నీళ్ల మీద.

లచ్చవ్వ కొడుకు శివరాం సాయంత్రం తాను పనిచేసే నూలు గిర్నీ నుంచి వచ్చి సైకిలు మీద రెండు డబ్బాలు తెచ్చేవాడు. అవి స్నానాలకూ బట్టలకూ. దేవుని బిందెను మగవాడు ముట్టడమా? ఆ ఇంట్లో అలాంటి మాట పుట్టదు. లచ్చవ్వకు మోకాళ్లు పట్టేశాయి. ఇక మిగిలింది వత్సల. ఆమెకు ఆరో నెల.

నిరుడు ఆమెకు ఒక కడుపు అయిదో నెలలోనే పోయింది. అంతకుముందు వారం జ్వరమొచ్చి వత్సల ఒక్కరోజు బిందె తేలేదు. లచ్చవ్వ ఆ రెండింటినీ కలిపి ముడివేసుకుంది. ఆ ముడి విప్పడం ఎవరి తరమూ కాలేదు.

"ఈసారి ఒక్క దినం గూడ ఆగొద్దు బిడ్డా. దేవునికి కొత్త నీళ్లు వోతెనే నీ కడుపు నిలుస్తది" అనేది. ప్రేమతోనే అనేది, అదే వచ్చిన చిక్కు. కోపంతో అని ఉంటే వత్సల ఎదురు చెప్పేదేమో.

ఒక పొద్దున ఏటి గట్టు ఎక్కుతుంటే వత్సల పొత్తికడుపులో కలుక్కుమంది. బిందె దించి ఇసుకలో కూలబడింది. మంత్రసాని భీమవ్వ చెయ్యి పెట్టి చూసి, "నిండు బిందె ఎత్తకు, నిరుటి లెక్కనే అయితది" అంది. ఆ మాట వత్సల అత్తకు చెప్పలేదు.

మర్నాటి నుంచి ఆమె దొంగతనం మొదలుపెట్టింది. నిన్నటి నీళ్లు చెట్టుకు పోస్తున్నట్టే పెరట్లోకి వెళ్లి, కట్టెల చాటున దాచిన కుండలో వంచేది. బిందె తోమి, ఏటి నుంచి సగమే తెచ్చి, కుండలోవి పోసి నింపేది. నడుము తేలికైంది, నొప్పి తగ్గింది. పూజ దగ్గర లచ్చవ్వ ఆ నీళ్లే చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకుంటే మాత్రం వత్సల పొయ్యి వైపు తిరిగిపోయేది.

దాచుకున్న అబద్ధాన్ని చెట్టు బయటపెట్టింది. మూడో వారానికి దానిమ్మ ఆకులు పసుపెక్కాయి. ఆ ఏడే తొలికాపు, ఒకే ఒక్క కాయ. పురుడయ్యేలోపు కోడలికి తినిపించాలని లచ్చవ్వ దానికి దిష్టి తగలకుండా నల్లదారం కట్టింది. ఇప్పుడా చెట్టు వాడుతుంటే ముసలామె ముఖం నల్లబడింది.

"దినాం నీళ్లు వోస్తనే ఉన్నవు గదా, ఇదెందుకు ఎండుతున్నది?"

"ఎండలు ముదిరినయి కదా అత్తమ్మా" అంది వత్సల, కళ్లెత్తకుండా. చెట్టు ఎండితే కడుపుకేమైనా అవుతుందా అని ఆమెకూ భయం పట్టుకుంది. అబద్ధమాడి బిడ్డను కాపాడుతున్నానా, అబద్ధంతోనే చంపుతున్నానా అని కుమిలిపోయింది.

అయిదు రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం, పెరట్లో చెంబు పడిన చప్పుడైంది. వత్సల పరుగెత్తింది. లచ్చవ్వ దానిమ్మ మొదట్లో పడి ఉంది. పెదవులు పగిలాయి, నాలుక పిడచకట్టింది. చెట్టు మొదట్లో మట్టి మాత్రం తడిగా ఉంది. తాగమని కోడలిచ్చిన నీళ్లన్నీ ఆమె కొన్నాళ్లుగా చెట్టుకే పోస్తోంది.

వత్సల ఆ తల ఒళ్లో పెట్టుకుని, నోట్లో చుక్క చుక్కగా నీళ్లు పోసింది. అత్త కళ్లు తెరిచాక, ఏడుస్తూ చెప్పేసింది. "నేనే అత్తమ్మా. చెట్టుకు నేను నీళ్లు వోస్తలేను. నొప్పి అచ్చి, సగం బిందె తెస్తున్న. దేవునికి వోసినయి గూడ నిన్నటి నీళ్లే."

లచ్చవ్వ మెల్లగా లేచి కూర్చుంది.

"ఎన్ని దినాల సంది?"

"ఇరవై ఆరు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె ఏమంటవో అని."

ఏమనేదో లచ్చవ్వకూ తెలుసు. అందుకే ఇంకేమీ అడగలేదు.

తెల్లవారి వత్సల నిన్నటి నీళ్లు సగం మిగిలిన బిందె ఎత్తి చెట్టు దగ్గరికి వెళ్లింది. ఇక దాచేది లేదు, నిండు బిందే తెస్తానని తీర్మానించుకుంది. గోడ పట్టుకుంటూ వచ్చిన లచ్చవ్వ బిందె అంచు పట్టుకుంది.

"వొయ్యకు. లోపట వెట్టు. ఏటికి రేపు పోదువు."

గిర్నీకి బయల్దేరుతూ శివరాం అలవాటుగా అడిగాడు. "కొత్త నీళ్లేనా అవ్వా?"

"కొత్తయే" అంది లచ్చవ్వ. బతుకులో మొదటిసారి దేవుని గూటి ముందు నిలబడి అబద్ధమాడింది. చేతిలోని చెంబు ఒరిగి, సగం నీళ్లు గచ్చు మీద ఒలికాయి. ఆ నీళ్లను ఆమే బట్టతో అద్ది, బీరపాదులో పిండింది.

నాలుగు రోజులకు దానిమ్మకాయ రాలింది. పొయ్యి దగ్గర కూర్చున్న వత్సలకు పెరటి వాకిట్లోంచి అంతా కనబడుతూనే ఉంది. లచ్చవ్వ అటూ ఇటూ చూసి, కోడలు చూడడం లేదనుకుని, వంగలేని నడుము వంచి, కాయను తీసి కొంగులో దోపుకుంది. కొమ్మకు వేలాడుతున్న నల్లదారం కూడా విప్పేసింది. లోపలికొచ్చి, "ఇంకో రెండు మెతుకులు తిను బిడ్డా" అంది.

వత్సల తింది. కొంగులో ఏముందని అడగలేదు.